యుద్ధకళల డాక్యుమెంటరీలు: ఎంత పాతదో చెబుతారు, ఎలా నేర్పుతారో చూపరు

అడుగుజాడ (అడయారు)

తమిళనాడు కర్రసాము సిలంబం, కేరళ యుద్ధవిద్య కళరిపయట్టు మీద టీవీలో వచ్చిన డాక్యుమెంటరీలు ఈ మధ్య వరుసపెట్టి చూశాను. పాతవీ కొత్తవీ, మన దేశంలో తీసినవీ బయటివాళ్లు వచ్చి తీసినవీ. ఏ భాషలో తీసినా మొదటి రెండు నిమిషాల్లో రెండు సంగతులు చెబుతున్నారు. ఈ విద్య ఎన్ని వేల ఏళ్ల నాటిది, దీనితో మనిషిని ఎంత త్వరగా పడగొట్టవచ్చు. మిగిలిన సమయమంతా ఆ రెండింటికీ సాక్ష్యాలు పోగుచేయడమే. సముద్రం ఒడ్డున సూర్యోదయం, నూనె రాసిన ఒళ్లు, గాలిలోకి లేచిన మనిషి, చుట్టూ తిరిగే ఉరుమి అనే వంగే కత్తి, డాలు మీద నిప్పురవ్వలు.

నేను ఇక్కడ చెన్నైలోనే ఒక వాధ్యార్, అంటే గురువు, దగ్గర సిలంబం నేర్చుకుంటున్నాను. చేరినవాళ్ల చేతికి ఆయన వెంటనే కర్ర ఇవ్వరు. ముందు కాలడి, అంటే అడుగులు వేసే క్రమం. ఉత్త చేతులతో ముందుకు, పక్కకు, వెనక్కు, మళ్లీ పక్కకు. బరువు ఏ కాలి మీద ఉందో, మడమ ఎప్పుడు లేచిందో ఆయన చూస్తూ ఉంటారు. అది కుదిరాకే వీచు, అంటే కర్ర తిప్పడం. నేను చూసిన కార్యక్రమాల్లో కెమెరా మోకాలి కిందికి దిగింది చాలా తక్కువ. ఎప్పుడూ కర్ర కొస వెంటే పరుగు. ఆ కొసకు అంత వేగం ఏ అడుగు నుంచి వచ్చిందో ఆ అడుగు తెరకు బయటే ఉండిపోతోంది.

ఎంత పాతది, ఎంత ప్రమాదకరం అన్న ప్రశ్నలు ఎవరైనా అడగవచ్చు. ఇంటికి వచ్చి తీసేవాళ్లు అడగవలసింది ఎలా నేర్పుతారని. ఒక తరం నుంచి ఇంకో తరానికి ఈ విద్య దాటుతున్నది ఆ పద్ధతి వల్లనే. దాన్ని వదిలేసి తీసినదాన్ని డాక్యుమెంటరీ అనడానికి నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

వడపళని ఎడిటర్

చాలా ఏళ్లుగా ఇలాంటి కార్యక్రమాలకు కూర్పు పని చేస్తున్నాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను. కాళ్లు కనబడకపోవడానికి మొదటి కారణం కెమెరా లెక్క. మన టీవీలో సెకనుకు 25 ఫ్రేములు. చేయి తిరిగినవాడు కర్రను సెకనుకు మూడు చుట్లు తిప్పాడనుకోండి. చుట్టుకు ఎనిమిది ఫ్రేములే దక్కుతాయి. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య కర్ర దాదాపు 43 డిగ్రీలు దాటిపోతుంది. పట్టు నుంచి కొస దాకా ఒక మీటరు ఉంటే ఆ కొస సెకనుకు దాదాపు 19 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే గంటకు 68 కిలోమీటర్ల వేగం. షట్టరు వేగం పెంచితే కర్ర ముక్కలు ముక్కలుగా గెంతుతున్నట్లు కనిపిస్తుంది, తగ్గిస్తే పొగలా అలుక్కుపోతుంది. అందుకని సెకనుకు వందల ఫ్రేములు తీసే కెమెరా అద్దెకు తెచ్చి నెమ్మదిగా చూపిస్తారు. అద్దె ఎక్కువ కాబట్టి దాన్ని కర్ర మీదికే గురిపెడతారు.

బొమ్మ అందంగా వస్తుంది. లయ మాత్రం చచ్చిపోతుంది. ఎదుటివాడి కర్ర దిగేలోపు నా కాలు పక్కకు పడిందా లేదా అన్నది పావు సెకను వ్యవహారం. దాన్ని అయిదు సెకన్లకు సాగదీస్తే నిన్న చేరిన పిల్లవాడూ, ముప్పై ఏళ్లుగా నేర్పుతున్న వాధ్యారూ ఒకేలా గొప్పగా కనిపిస్తారు. తేడా తెలిసేది అసలు వేగంలోనే.

శబ్దం సంగతి ఇంకా ఘోరం. వెదురు కర్ర గాలిలో చేసే చప్పుడు సన్నగా, కొంచెం వణుకుతూ ఉంటుంది. అది సరిపోదని స్టూడియోలో నిల్వ ఉన్న కత్తి దూసే శబ్దాలు వేస్తారు. బరిసెకు, కర్రకు, ఉత్త చేతికి అన్నింటికీ అవే. అరగంట కార్యక్రమంలో ప్రకటనలు పోగా 22 నిమిషాలు మిగులుతాయి. షాటు నాలుగు సెకన్లు దాటిందంటే చూసేవాళ్లు రిమోట్ అందుకుంటారని ఛానెల్ వాళ్ల భయం. నాలుగు సెకన్లలో ఏ పాఠం పడుతుంది చెప్పండి? ఒక అడుగు క్రమం మొత్తం చూపాలంటేనే ఇరవై సెకన్లు కావాలి.

మలబారు కోడలు (అన్నానగర్)

మాది నెల్లూరు, మెట్టినిల్లు కేరళలోని కణ్ణూరు. మా మామగారి ఇంటివెనుక కళరి, అంటే ఈ విద్య నేర్పే సాధనశాల, ఉంది. ఎడిటర్ గారు శబ్దం గురించి చెప్పగానే నాకు ఎప్పటి నుంచో ఉన్న బాధ గుర్తుకు వచ్చింది.

కళరిలో పాఠం నోటితో నడుస్తుంది. దాన్ని వాయ్తారి అంటారు. గురుక్కళ్, అంటే కళరి గురువు, ఒక మూల నిలబడి కుడికి, ఎడమకు, కూర్చో, తిరుగు, చాచు, లే అంటూ ఆజ్ఞలన్నీ ఒకే ఊపిరిలో గొలుసుకట్టుగా చెబుతూ పోతారు. పిల్లలు ఆ మాటల మీద ఒంటిని వంచే కసరత్తు మెయ్‌పయట్టు చేస్తారు. గొంతు హెచ్చితే ఒళ్లు లేవాలి, గొంతు తగ్గితే నేలకు అంటుకోవాలి. బాగా చెప్పే గురుక్కళ్ నోటి నుంచి వాయ్తారి వింటే కళ్లు మూసుకున్నా కదలిక తెలుస్తుంది. పాఠ్యపుస్తకం అనేది ఏదైనా ఉంటే అదే. టీవీలో ఆ గొంతు ఒక్కసారైనా పూర్తిగా వినిపించిందా? దాని మీద చెండ డోలు మోగుతుంది, వేణువు వస్తుంది, ఆ పైన వ్యాఖ్యాత బరువైన గొంతుతో 'ప్రపంచ యుద్ధకళలన్నింటికీ తల్లి' అంటాడు. పాఠం చెబుతున్న మనిషి నోరు కదులుతూ ఉంటుంది, మాట వినిపించదు.

కాలం కూడా తప్పే. మా దగ్గర అసలు సాధన వానాకాలంలో. ఒంటికి నూనె పట్టించి, తాడు పట్టుకొని కాలితో మర్దన చేసే చవిట్టి ఉళిచ్చిల్ కూడా ఆ రోజుల్లోనే. చిత్రీకరణ బృందాలు వెలుతురు బాగుంటుందని వానలు వెళ్లాక వస్తాయి. వాళ్ల కోసం గురుక్కళ్ పిల్లలను పిలిపించి చేయిస్తారు. ఏడాదిలో ముఖ్యమైన నెలలు ఏ కెమెరాకూ చిక్కవు.

ఆయుధాల ఎంపిక మరీ విచిత్రం. ఉరుమి అన్నింటికన్నా చివర నేర్పేది. మధ్యలో ఒట్ట ఉంది, వంపు తిరిగిన చిన్న కర్ర, కొసన గుండ్రటి మొన. మర్మస్థానాలకు గురిపెట్టడం దానితోనే నేర్పుతారు, ఒట్ట వచ్చినవాడికి మిగతా ఆయుధాలు సులువవుతాయని గురుక్కళ్‌లు చెబుతారు. ఇద్దరూ దగ్గరగా, నడుములు వంచి, నేలబారుగా ఆడతారు. దూరం నుంచి చూస్తే ఏమీ జరగనట్లే ఉంటుంది. అందుకే టీవీకి పనికిరాదు.

కంచి పథికుడు

మీరందరూ పాతదనం చెప్పడాన్ని తప్పన్నట్లు మాట్లాడుతున్నారు. నేను ఒప్పుకోను. చెన్నైలో పిల్లలు కరాటే, టైక్వాండో తరగతులకు వరుసకట్టి వెళతారు. వాళ్లను సిలంబం వైపు తిప్పాలంటే ఇది మన నేల విద్య, ఇది చాలా పాతది అన్న గర్వం కావాలి. ఆ గర్వం ఇచ్చింది ఈ కార్యక్రమాలే. కాంచీపురం నుంచి వెళ్లిన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు చైనాలోని షావోలిన్ మఠం సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడని టీవీలో చూసి మా వీధి పిల్లలు కర్ర పట్టారు. అడుగులు, మడమలు చూపిస్తే ఎవరు కూర్చుంటారు? ముందు మనసులో నిప్పు రాజుకోవాలి, పాఠం ఆ తర్వాత.

చరిత్రపుటలు (మైలాపూరు)

పథికుడు గారూ, గర్వం ఉండాలి, అది నిలిచే నేల మీద ఉండాలి. బోధిధర్ముడి సంగతి ఈ కార్యక్రమాల్లో ఎలా వాడుతున్నారో చూడండి.

షావోలిన్ మఠం స్థాపన క్రీ.శ. 495 నాటిది, అదీ బాతువో అన్న మరో భారతీయ భిక్షువు కోసం. బోధిధర్ముడి గురించి మొదటి ప్రస్తావన 547 ప్రాంతంలో యాంగ్ షువాన్‌జీ లువోయాంగ్ మఠాల మీద రాసిన గ్రంథంలో ఉంది. అక్కడ ఆయన పశ్చిమ దేశాల నుంచి వచ్చిన పారశీక భిక్షువు. అదే శతాబ్దపు భిక్షువు తాన్‌లిన్ రాతలో దక్షిణ భారత రాజు మూడో కుమారుడు. రెండింటిలోనూ కుస్తీ లేదు, కర్ర లేదు. ధ్యానమే ఉంది. షావోలిన్ సన్యాసులు యుద్ధంలో పాల్గొన్నట్లు గట్టి ఆధారం 728లో చెక్కిన శిలాశాసనం. 621లో వాళ్లు, తర్వాత తాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్‌కు సాయం చేసిన సంగతి అందులో ఉంది, బోధిధర్ముడు నేర్పాడని లేదు. ఆయనకూ దేహసాధనకూ ముడిపెట్టింది 'యీజిన్ జింగ్' అన్న వ్యాయామ గ్రంథం. అది 17వ శతాబ్దపు రచన అనీ, దాని పీఠికలు పాతవిగా చెప్పుకొన్నా కల్పితాలనీ చైనా పండితుడు తాంగ్ హావో మొదలు ఇటీవలి చరిత్రకారుల దాకా తేల్చారు.

ఇంత కథ ఉంటే టీవీలో అర నిమిషంలో పడవ, గడ్డం, కొండ, గాలిలో తన్ను. నాకు కోపం తెప్పించేది ఏమిటంటే, ఆ అర నిమిషం కోసం ఎదురుగా కూర్చున్న వాధ్యార్‌ను ఆయన గురువు ఎవరని అడగరు. ఆయన చెప్పగలిగిన నిజమైన చరిత్ర అది. తన గురువు, గురువుకు గురువు, వాళ్లు ఏ ఊళ్లో ఎవరికి నేర్పారు, ఏం పని చేసి బతికారు. నాలుగు తరాల మాట ఆయన నోటనే ఉంటుంది. వేల ఏళ్ల మాట కోసం ఆయన్ని వదిలి ఎక్కడికో పోతారు.

మలబారులో కూడా ఇదే. ఉత్తర మలబారు వీరగాథల్లో అంకం, అంటే ద్వంద్వయుద్ధం, పోరాడిన పుత్తూరం ఇంటి చేకవర్ యోధులు తియ్య కులంవాళ్లు. పాటల్లోని వీరవనిత ఉన్నియార్చ కూడా ఆ ఇంటి ఆడపడుచే. టీవీలో మాత్రం కళరి అనగానే రాజులు, నాయర్ సేనలు. ఎవరు నేర్చుకున్నారు, ఎవరు నేర్పారు అన్న ప్రశ్న వేస్తే కులం, కూలీ, కుటుంబం అన్నీ బయటికి వస్తాయి. అందుకే వేయరేమో.

కంచి పథికుడు

తాన్‌లిన్ మాట మీరే చెప్పారు. దక్షిణ భారతం నుంచి వెళ్లాడన్నది నిలుస్తుంది కదా. నాకు అది చాలు. విద్య సంగతి మీ ఆధారాలకు వదిలేస్తాను, కానీ పిల్లలకు గర్వం అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను.

కుర్రకారు_రాయపురం

నేను పథికుడు గారి వైపు కొంత. 2007-08లో డిస్కవరీలో 'ఫైట్ క్వెస్ట్' వచ్చింది. ఇద్దరు అమెరికా కుర్రాళ్లు ఒక్కో దేశానికి వెళ్లి అయిదు రోజులు శిక్షణ తీసుకొని చివర్లో అక్కడివాళ్లతో తలపడతారు. కళరి కోసం కేరళకూ వచ్చారు. దాదాపు అదే కాలంలో హిస్టరీ ఛానెల్‌లో 'హ్యూమన్ వెపన్' నడిచింది. నేను అవి పునఃప్రసారాల్లో చూస్తూ పెరిగినవాణ్ని. అవి లేకపోతే మా రాయపురం కడలి గట్టున కర్ర తిప్పే తాతల వైపు నేను కన్నెత్తి చూసేవాణ్ని కాదు. బయటివాడు వచ్చి చెమటోడ్చి, దెబ్బతిని, ఇది కష్టం అని ఒప్పుకుంటే మన పిల్లలకు అప్పుడు విలువ తెలుస్తుంది. బయటివాడు చెబితేగానీ విలువ తెలియకపోవడం బాగాలేదు, నిజమే. కానీ అది జరిగింది.

అడుగుజాడ

తమ్ముడూ, వాళ్లు దెబ్బతిన్నారు, శ్రమపడ్డారు, అందులో నిజాయితీ ఉంది. నా అభ్యంతరం ఆ అయిదు రోజుల మీద. అయిదు రోజుల్లో చివరి పోటీకి సిద్ధం చేయాలంటే గురువు తన పాఠక్రమాన్ని పక్కనపెట్టి నాలుగు దెబ్బలు, రెండు తప్పించుకొనే పద్ధతులు నేర్పాలి. చూసేవాడికి ఏమి అర్థమవుతుంది? ఈ విద్య అంటే కొన్ని చిట్కాల మూట అని. పైగా చివర పోటీ ఉండి తీరాలి కాబట్టి పోటీ కోసం పుట్టని విద్యకు కూడా పోటీ పుట్టించాలి. 2006లో నేషనల్ జియోగ్రాఫిక్ 'ఫైట్ సైన్స్'లో దెబ్బ బలాన్ని యంత్రాలతో కొలిచారు. అది ప్రమాదకరం అన్న ప్రశ్నకు అంకె జోడించడమే. కాలు పెట్టడం ఒక పిల్లకు ఎలా పట్టుబడుతుందో ఏ యంత్రమూ చూపలేదు.

గరిడివీధి (అంబత్తూరు)

మాది విజయనగరం. తెలుగు ఛానెళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

కోడి రామ్మూర్తి నాయుడు గారి మీద కార్యక్రమం అంటే ఏమి చూపుతారు? ఛాతీ మీద ఏనుగు, తెగిన ఇనుప గొలుసు, ఆపిన కారు. 1882లో వీరఘట్టంలో పుట్టిన ఆ మనిషి ఈ మద్రాసుకే వచ్చి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరం వెళ్లి తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. ముందు ఆయన మాస్టారు, సర్కస్ తర్వాత. ఆయన పిల్లలతో ఏమి చేయించేవారు, తెల్లవారుజామున గరిడిలో, అంటే సాధనశాలలో, సాము ఎలా మొదలయ్యేది, ఇవి ఏ కార్యక్రమంలోనూ నేను చూడలేదు. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు సైదాపేట మీదుగా రోజూ వెళుతూ ఉంటారు, ఆయన అక్కడ చదువుకున్నారని ఎంతమందికి తెలుసు?

ఇంకొకటి. మన ఛానెళ్లకు కర్ర అంటే దసరా రాత్రి దేవరగట్టు. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో మాళ మల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవం. ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లవాళ్లు కర్రలతో కొండ మీద కలబడతారు. ప్రతి ఏడాదీ అదే ప్రసారం. ఎన్ని తలలు పగిలాయి, ఎన్ని అంబులెన్సులు వచ్చాయి. అది మొక్కు, ఆచారం, దాని కథ వేరు. కానీ ఆ బొమ్మలే తీసుకొచ్చి కర్రసాము మీద కార్యక్రమంలో అతికిస్తారు. మా తాలింఖానాలో, అంటే కర్రసాము నేర్పే చోట, గురువు గారు ఎదుటివాడి కర్ర తగలకుండా, మన కర్ర అవతలివాడికి గాయం చేయకుండా ఆపడం నేర్పడానికి ఎన్నో నెలలు తీసుకుంటారు. రెండింటినీ ఒకే సంచిలో వేస్తే ఊళ్లో తల్లులు పిల్లలను పంపుతారా?

పెరంబూరు అమ్మ

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, ఇప్పుడు మీ సాయం కావాలి.

మా అమ్మాయి కార్పొరేషన్ మైదానంలో సిలంబం నేర్చుకుంటోంది. ఒక టీవీ బృందం వాధ్యార్ గారిని కలిసింది. వచ్చే వారం చిత్రీకరణ. వాళ్లు అడిగినవి విని నాకు గుబులుగా ఉంది. పిల్లలందరినీ తెల్లవారకముందే మెరీనాకు తీసుకురావాలట. ఎర్ర పంచెలు వాళ్లే తెస్తారట, ఆడపిల్లలకూ అవే. పన్నెండేళ్ల పిల్లల చేతుల్లో సురుళ్ వాళ్, అంటే ఉరుమి లాంటి వంగే కత్తి, ఉండాలట. తరగతిలో దాన్ని పెద్దవాళ్లు మాత్రమే ముట్టుకుంటారు. వాధ్యార్ గారు కెమెరా ముందు 'ఇది అయిదు వేల ఏళ్ల విద్య' అని చెప్పాలట, వాక్యం కూడా రాసి ఇచ్చారు. ఆయన ఆటో నడిపి, సాయంత్రాలు నేర్పుతారు. ఆయనకు కాగితాలు చదివే ఓపిక లేదు, నన్ను మాట్లాడమన్నారు. ఏమి అడగాలి? గట్టిగా అడిగితే వదిలేసి పోతారేమో. టీవీలో వస్తే పిల్లలు చేరతారని ఆయనకు ఆశ.

కుర్రకారు_రాయపురం

అమ్మా, మొదటిది తేల్చేయండి. పిల్లల చేతికి సురుళ్ వాళ్ ఇవ్వనే వద్దు. దానికి బేరం లేదు.

వడపళని ఎడిటర్

అమ్మా, భయపడకండి. ఈ పాటికి వాళ్లు బడ్జెట్ రాసుకొని ఉంటారు, ఊరికే వదిలేసి పోరు. అడగగలిగినవి చాలా ఉన్నాయి.

మైనర్ల విషయంలో ప్రతి తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, అందులో ఏ కార్యక్రమానికో, ఎక్కడెక్కడ ప్రసారమో రాసి ఉండాలి. 'ఏ అవసరానికైనా, ఎప్పటికీ' అని ఉంటే కొట్టేయించండి. ఆయుధం సంగతి కుర్రవాడు చెప్పినట్లే. మెరీనా వాళ్లకు కావాలి, ఇవ్వండి, దానికి బదులు మైదానంలో మామూలు తరగతి ఒకటి మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా తీయమనండి. స్టాండు మీద కెమెరా, మనిషి నిలువెత్తున, పాదాల కింద ఒక అడుగు మేర నేల కూడా కనబడాలి. అసలు వేగంలోనే. కార్యక్రమంలో దాని నుంచి కనీసం ఇరవై సెకన్లు కోత లేకుండా వాడతామని మాట తీసుకోండి. ఇరవై సెకన్లు అంటే దర్శకుడు ముఖం చిట్లిస్తాడు, ఇస్తాడు. వాధ్యార్ గారి చొక్కాకు మైకు పెట్టమనండి, ఆయన పిల్లలను సరిదిద్దే మాట రికార్డు కావాలి. మలబారు అమ్మ చెప్పిన వాయ్తారి బాధ మనకు ఇక్కడ రాకూడదు.

రాసిచ్చిన వాక్యం ఆయన చెప్పనవసరం లేదు. చరిత్రపుటలు గారు అన్నట్లు తన గురువు పేరు, ఊరు చెప్పమనండి. ఆ మాట ఆయన నోట సహజంగా వస్తుంది, సంపాదకుడు కూడా దాన్ని కత్తిరించలేడు. రాసిచ్చిన వాక్యం చెప్పే మనిషి కళ్లు వేరేగా ఉంటాయి, కూర్పు గదిలో మాకు వెంటనే తెలుస్తుంది.

ఇంకా ఒక మాట. ఆ రోజు ఆయన ఆటో తిరగదు. ఆ నష్టానికి డబ్బు అడగడం తప్పు కాదు. కెమెరా అద్దెకు బిల్లు ఉంటుంది, లైట్లకు బిల్లు ఉంటుంది, విద్య ఉన్న మనిషికి మాత్రం శాలువా కప్పి పంపుతారు. నా వృత్తిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మలబారు కోడలు

ఆడపిల్లల దుస్తుల విషయం కూడా గట్టిగా చెప్పండి అమ్మా. తరగతికి రోజూ ఏ బట్టలతో వస్తారో ఆ బట్టలే.

ఆడవాళ్ల గురించి టీవీ మాట్లాడే తీరు నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. వడగర మీనాక్షి అమ్మకు 2017లో పద్మశ్రీ వచ్చాక ఎన్ని కార్యక్రమాలు వచ్చాయో. అన్నింటికీ ఒకే పేరు, కత్తి పట్టిన బామ్మ. చీర కుచ్చిళ్లు దోపి ఆమె కర్ర ఎత్తగానే ఆశ్చర్యపు సంగీతం. ఏడేళ్ల వయసులో కళరిలో అడుగుపెట్టి, పెళ్లయ్యాక కూడా మానకుండా, దశాబ్దాలుగా పిల్లలకు నేర్పుతున్న గురుక్కళ్ ఆమె. డెబ్బై దాటిన ఒళ్లు అలా వంగడంలో వింత లేదు, అది నేర్పు. ఆమె పిల్లవాడి భుజం పట్టి ఎలా తిప్పుతుందో, ఏ తప్పు చూసి ఆపుతుందో చూపితే చాలు, సంగీతం అవసరం లేదు.

మర్మాల సంగతీ ఇంతే. సుశ్రుత సంహిత 107 మర్మాలు చెప్పింది. అవి వైద్యుడి కోసం చెప్పినవి, ఎక్కడ కత్తి పడకూడదో తెలియడానికి. గురుక్కళ్ దగ్గరికి మా ఊళ్లో జనం వచ్చేది ఎముక బెణికి, నడుము పట్టేసి. టీవీలో మాత్రం వేలితో తాకితే మనిషి కుప్పకూలాలి.

చరిత్రపుటలు

నేర్పే పద్ధతిని చూపించడం సాధ్యం కాదనేవాళ్లు యునెస్కో జాబితా కోసం తీసిన వీడియోలు చూడాలి. అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాకు దరఖాస్తు చేసేటప్పుడు పది నిమిషాలకు మించని వీడియో జతచేస్తారు. ఆ విద్య తరం నుంచి తరానికి ఎలా అందుతోందో దరఖాస్తులో చెప్పాల్సిందే. యుద్ధకళల్లో 2011లో కొరియా తైక్యోన్ చేరింది. 2014లో బ్రెజిల్ కపోయెరా రోడా, 2019లో ఇండోనేషియా పెంచక్ సిలాట్, 2020లో చైనా తైజీ. ఆ చిన్న వీడియోల్లో తాతలు, పిల్లలు, పెరడు, బడి కనిపిస్తాయి. అవీ ప్రభుత్వాలు తీయించినవే, వాటికీ సొంత గొప్పలు ఉన్నాయి. అయినా ప్రశ్న మారగానే బొమ్మ మారింది.

కుర్రకారు_రాయపురం

నేను ఇంకొకటి కలుపుతాను. 2022 జూన్‌లో పంచ్‌కులాలో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడల్లో కళరిపయట్టు, మణిపూర్ థాంగ్-టా, పంజాబ్ గత్కా, స్తంభం మీద విన్యాసాలు చేసే మల్లఖంబ్ చేర్చారు. 2024 జనవరిలో ఆ క్రీడలు మన తమిళనాడుకు వచ్చినప్పుడు సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. అలాంటి పోటీల ప్రసారం మామూలుగా ఉంటుంది. కెమెరా ఒకచోట నిలబడుతుంది, మైదానం మొత్తం కనిపిస్తుంది, సంగీతం ఉండదు. వాటిని చూసి నేను నా ఎడమ కాలు సరిచేసుకున్నాను. ఏ డాక్యుమెంటరీ చూసీ అది జరగలేదు. అడుగుజాడ గారి మాట నాకు అక్కడ తలకెక్కింది.

అడుగుజాడ

ఆటల ప్రసారానికీ ఒక చిక్కు ఉంది తమ్ముడూ. తగిలిన దెబ్బకు మార్కు ఇస్తారు కాబట్టి మార్కు వచ్చే కదలికలే పిల్లలు సాధన చేస్తారు. సలాం వరిసై (వందనపు అడుగుల వరుస) లాంటి వరుసలు మెల్లగా పక్కకు జరుగుతాయి. అయినా మొత్తం మనిషిని చూపినందుకు నేను దానికే ఓటు వేస్తాను.

పెరంబూరు అమ్మ

వాళ్లతో మాట్లాడాను. వాధ్యార్ గారు కూడా పక్కనే కూర్చున్నారు.

సురుళ్ వాళ్ పిల్లలకు వద్దన్నాం, దర్శకుడు వెంటనే ఒప్పుకున్నారు, ఇద్దరు పెద్ద శిష్యులు చేస్తారు. బట్టలు తరగతివే. అనుమతి పత్రంలో 'ఎప్పటికీ' అన్న మాట తీసేశారు. మైదానంలో తరగతి మొత్తం ఒకసారి తీస్తామన్నారు, మైకు పెడతామన్నారు. ఇరవై సెకన్ల మాట మీద చాలాసేపు వాదన జరిగింది. చివరికి 'ప్రయత్నిస్తాం' అన్నారు, కాగితం మీద రాయలేదు. తీసినదంతా మాకు ఒక కాపీ ఇమ్మంటే కుదరదన్నారు. మెరీనా ఉంటుంది, తెల్లవారుజామునే. ఆటో నష్టానికి డబ్బు ఇస్తున్నారు.

అయిదు వేల ఏళ్ల వాక్యం దగ్గర వాధ్యార్ గారే మాట్లాడారు. 'నాకు తెలిసింది మా గురువు దాకా, ఆయన చెప్పింది ఆయన గురువు దాకా. అంతవరకు చెబుతాను' అన్నారు. ఆ వాక్యం వ్యాఖ్యాత చెప్పుకుంటాడట, దాన్ని మేము ఆపలేకపోయాం.

కంచి పథికుడు

వాధ్యార్ గారికి నా నమస్కారాలు చెప్పండి అమ్మా. ప్రసారం ఎప్పుడో ఇక్కడ రాయండి, మా వీధి పిల్లలందరినీ కూర్చోబెడతాను.

గరిడివీధి

ఈ చర్చ చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను. మా గురువు గారికి వయసు మీదపడింది. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు ఆయన పాఠం నేనే తీస్తాను. నా దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. ఎడిటర్ గారూ, ఎలా తీయాలో చెప్పండి.

వడపళని ఎడిటర్

ఫోను చాలు. అడ్డంగా పెట్టి స్టాండుకు బిగించండి, చేత్తో పట్టుకోవద్దు. స్టాండు నడుము ఎత్తున ఉంచి, కర్ర కొస, పాదం రెండూ పట్టేంత దూరం జరపండి. సెట్టింగుల్లో సెకనుకు 60 ఫ్రేములు ఉంటే అది పెట్టుకోండి, కర్ర కొంచెం తేటగా వస్తుంది. జూమ్ చేయవద్దు. వెలుతురు మీ వెనుక నుంచి పడాలి. ఒకే పాఠాన్ని ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి తీయండి, అడుగు లోతు పక్క నుంచే తెలుస్తుంది. ఆయన ఒక్కరే చేసింది తీస్తే సరిపోదు, ఒక కొత్త పిల్లవాడికి నేర్పుతున్నప్పుడు తీయండి. పిల్లవాడు తప్పు చేసినప్పుడు కెమెరా ఆపవద్దు. ఆ దిద్దుబాటు కోసమే మనం తీస్తున్నది. ఫోను మైకు దూరానికి అందదు, గురువు గారి చొక్కాకు విడి మైకు ఉండాలి.

మలబారు కోడలు

చొక్కాకు పెట్టే మైకు మా ఇంట్లో ఉంది. మా మామగారి వాయ్తారి రికార్డు చేయడానికి కొన్నది. అన్నానగర్ వచ్చి తీసుకెళ్లండి, పండగ తర్వాత ఇద్దురు గాని.

గరిడివీధి

శనివారం సాయంత్రం వస్తానమ్మా. చాలా కృతజ్ఞతలు.